అప్‌డేట్: "ఇన్సర్ట్ డిస్క్" అంటున్న 16 జీబీ పెన్‌డ్రైవ్ బాగైంది

మా శ్రీకాకుళంలో షాపువాళ్లు పారేయమన్న పెన్‌డ్రైవ్ గురించి అడిగాను కదా, సైజు సున్నా చూపిస్తోందని. బాగైంది.

పెన్‌డ్రైవ్ లోపలి వివరాలు చూపే చిప్‌జీనియస్ సాఫ్ట్‌వేర్‌లో వీఐడీ (తయారీ కంపెనీ కోడ్) 058ఎఫ్ వచ్చింది, అంటే ఆల్కర్ కంపెనీ కంట్రోలర్, పెన్‌డ్రైవ్‌ని నడిపించే చిప్. ఫ్లాష్ ఐడీ, అంటే మెమరీ చిప్ గుర్తింపు కోడ్, మాత్రం ఖాళీ. మెమరీయే కనబడనప్పుడు విండోస్ ఫార్మాట్ ఏం చేస్తుంది?

కేసు విప్పి, 48 కాళ్ల మెమరీ చిప్ మీద 29, 30 కాళ్లని సన్నటి సూదితో కలిపి యూఎస్‌బీలో పెట్టాలి. అవి డేటా లైన్లు. అవి కలిస్తే మెమరీ చిప్‌లోని పాడైన ఫర్మ్‌వేర్ (కంట్రోలర్‌ని నడిపే ప్రోగ్రామ్) చదవడం కుదరక కంట్రోలర్ సొంత బూట్ కోడ్‌తో లేస్తుంది. కంప్యూటర్ పెన్‌డ్రైవ్‌ని గుర్తించగానే సూది తీసెయ్యాలి. 12, 13 కాళ్ల జోలికి అసలు పోవద్దు: ఒకటి కరెంటు, పక్కదే గ్రౌండ్.

తర్వాత ఫ్లాష్ ఐడీ కనబడింది. ఆల్కర్ కంట్రోలర్లని మళ్లీ సెట్ చేసే ఆల్కర్‌ఎంపీ సాఫ్ట్‌వేర్‌లో, ఆ మెమరీ చిప్ పేరు జాబితాలో ఉన్న వెర్షన్‌తో లో లెవెల్ ఫార్మాట్ (మెమరీ మొత్తాన్ని మొదటినుంచి సిద్ధం చేయడం) చేస్తే మెమరీలో పాడైన భాగాలు పక్కకుపోయి 14.2 జీబీ వచ్చింది.

పాత ఫైళ్లన్నీ పోతాయి. పెళ్లి ఫొటోలుంటే దీని జోలికి పోకుండా ముందు డేటా రికవరీ వాళ్లకి ఇవ్వండి.