అప్‌డేట్: పిక్కల నొప్పికి కారణం మాత్ర ఒక్కటే కాదు

మూడు నెలల కిందట నేను అడిగింది ఇది: కొలెస్ట్రాల్ తగ్గించే స్టాటిన్ రకం మాత్ర అటార్వాస్టాటిన్ వాడుతుండగా ట్రైగ్లిజరైడ్లు (రక్తంలోని ఒక రకం కొవ్వు) 540కి చేరడంతో, వాటిని తగ్గించే ఫెనోఫైబ్రేట్ కూడా డాక్టర్ కలిపారు. రెండు వారాలకే పిక్కలు పట్టేస్తున్నాయి, మానేయవచ్చా అని. సొంతంగా ఆపవద్దు, ముందు డాక్టర్‌కు ఫోను చేయమన్నవారికి కృతజ్ఞతలు. నిజానికి అప్పటికే రెండు రోజులు మానేసి కూర్చున్నాను.

డాక్టర్ మందలించలేదు కానీ, మూత్రం రంగు ముదిరిందా అని రెండుసార్లు అడిగారు. కండరాలు బాగా దెబ్బతింటే అది నల్ల టీ రంగులోకి మారుతుందట. లేదన్నాను. సీపీకే (కండరాలు దెబ్బతిన్నాయేమో చూసే రక్తపరీక్ష), క్రియాటినిన్ (కిడ్నీల పనితీరు చూసేది), కాలేయ పరీక్షలతో పాటు థైరాయిడ్ కూడా రాశారు. అదెందుకో అనుకున్నాను. తీరా చూస్తే టీఎస్‌హెచ్ 18! ఈ హార్మోన్ అంత ఎక్కువగా ఉందంటే థైరాయిడ్ సరిగా పనిచేయడం లేదన్నమాట. థైరాయిడ్ మందగిస్తే రక్తంలో కొవ్వులూ పెరుగుతాయి, స్టాటిన్‌తో కండరాల నొప్పులు వచ్చే అవకాశమూ పెరుగుతుంది. సీపీకే కాస్త ఎక్కువే, భయపడేంత కాదు.

స్టాటిన్ కొన్ని వారాలు ఆపించి, థైరాయిడ్ మాత్ర మొదలుపెట్టారు. ఫెనోఫైబ్రేట్ మాత్రం ఆపనివ్వలేదు. ట్రైగ్లిజరైడ్లు 500 దాటినప్పుడు ముందు క్లోమం వాపు రాకుండా చూసుకోవాలన్నారు. పదిహేను రోజుల్లో నొప్పి తగ్గింది. ఇప్పుడు ట్రైగ్లిజరైడ్లు 215, స్టాటిన్ తక్కువ మోతాదులో మళ్లీ మొదలైంది. క్రియాటినిన్ 0.9 నుంచి 1.1 అయింది. ఫెనోఫైబ్రేట్‌తో కొంత పెరగడం మామూలేనట, అయినా ఆరు వారాలకు మళ్లీ చూస్తారు.

మద్యం కూడా ట్రైగ్లిజరైడ్లను పెంచుతుంది కదా అని ఆ సంగతి అడిగినవారికి: అవును, వారాంతాల్లో తాగేవాణ్ని. ఆ మాట మొదట డాక్టర్ దగ్గర దాచాను. ఇప్పుడు చెప్పేశాను, మానేశాను కూడా.