మన ఓడ ఉద్యోగుల సంఘం డిసెంబర్ 21 వైజాగ్ సమావేశం: హాలు పోయింది, అందరూ చూడండి

వైజాగ్ కోఆర్డినేటర్ (శుక్రవారం రాత్రి 9:10)
అందరికీ నమస్కారం. వంటాయనకు రేపు సాయంత్రంలోగా భోజనాల లెక్క చెప్పాలి. అది రాద్దామని కూర్చుంటే హాలు వాళ్ల ఫోన్ వచ్చింది. 21న హాలు ఇంకెవరికో ఇచ్చేశారట. మనం కట్టిన 30 వేలు తిరిగి ఇస్తామన్నారు గానీ ఎప్పుడిస్తారో చెప్పలేదు. రసీదు పట్టుకుని వెళ్లి గంటసేపు మాట్లాడినా లాభం లేకపోయింది. ఇంక తొమ్మిది రోజులే ఉంది. వస్తామన్నవాళ్లు 112 మంది, అందులో సన్మానం చేయబోయే అరవై దాటినవాళ్లు 38, క్యాడెట్లు (ఓడ పని నేర్చుకుంటున్న కుర్రాళ్లు) 27. ముందు హాలు సంగతి చెప్పండి.

ట్రెజరర్, సింగపూర్
ఇక్కడ అర్ధరాత్రి కావస్తోంది, కానీ ఇది చూశాక నిద్ర పట్టేలా లేదు. ఖాతాలో ఖర్చుపెట్టడానికి 18 వేలే ఉన్నాయి. వంటకూ సన్మానాలకూ తీసిపెట్టిన డబ్బు ముట్టుకోవద్దు. హోటల్ మాట దయచేసి ఎత్తకండి.

క్యాడెట్ల తరఫున
అన్నా, సన్మానాలకు ఎంత పెట్టాం?

ట్రెజరర్, సింగపూర్
శాలువాలు, మెమెంటోలు కలిపి 42 వేలు.

క్యాడెట్ల తరఫున
హాలుకు లేవు గానీ శాలువాలకు ఉన్నాయన్నమాట. ఉన్నమాట చెప్తున్నాను. ప్రతి ఏడూ మా పని కుర్చీలు వేయడం, మంచినీళ్లు అందించడం, ఫొటోలో వెనక వరసలో నిలబడడం. మావాళ్లలో సగం మంది ఈసారి రామంటున్నారు. వాళ్లను ఎలా బతిమాలాలో నాకు తెలియడం లేదు.

రిటైర్డ్ చీఫ్, పెదవాల్తేరు
బాబూ, నేను 1979లో ఫిఫ్త్ ఇంజినీరుగా ఓడెక్కి, చీఫ్ ఇంజినీరుగా దిగాను. శాలువా కప్పించుకోవడానికి మీటింగులకు రావడం లేదు. పాతవాళ్లు నలుగురు కనిపిస్తారని వస్తాను. నన్ను ఆ 38 మందిలోంచి తీసెయ్యండి.

దుబాయ్ నుంచి
తమ్ముడూ, పెద్దాయనతో మాట్లాడే పద్ధతి ఇదేనా? ముందు ఆ పోస్టు తీసెయ్.

క్యాడెట్ల తరఫున
తీయను అన్నా. చీఫ్ గారిని నేనేమీ అనలేదు. కోర్సు అయి ఏడు నెలలు ఓడ కోసం ఇంట్లో కూర్చున్నాను. ఆ ఏడు నెలల్లో ఈ సంఘంలో ఒక్కరైనా ‘ఏం చదువుతున్నావు, ఎక్కడ ఆగిపోయావు’ అని అడిగి ఉంటే ఎంత బాగుండేదో. ఇప్పుడు క్లాస్ ఫోర్ ఓరల్స్‌కి (ఓడ ఇంజినీరు సర్టిఫికెట్ కోసం పెట్టే నోటి పరీక్షకి) కూర్చోబోయేవాళ్లం తొమ్మిది మందిమి ఉన్నాం. గేజ్ గ్లాస్ బ్లో డౌన్, అంటే బాయిలర్‌లో నీటి మట్టం చూపే గాజు గొట్టాన్ని ఊది శుభ్రం చేసి సరిచూడడం, అందరికీ కంఠతా వచ్చు. ఎదురుగా పరీక్ష చేసే సర్వేయర్ కూర్చుని ‘ఎందుకు’ అంటే నోరు పెగలదు.

వైజాగ్ కోఆర్డినేటర్
ఇద్దరికీ చెప్తున్నాను, ఈ రాత్రికి ఇక్కడ ఆపుదాం. నాకు చాలా బాధగా ఉంది. పొద్దున మాట్లాడుకుందాం.

రిటైర్డ్ చీఫ్, పెదవాల్తేరు (శనివారం ఉదయం 6:25)
బీచ్ రోడ్డులో నడిచి, కురుసుర సబ్‌మెరైన్ మ్యూజియం ఎదురుగా కూర్చుని రాస్తున్నాను. రాత్రి తొందరపడ్డాను. ఆ అబ్బాయి అడిగింది న్యాయం. మా ఇంట్లో చెక్కబోర్డుకు బిగించిన పాత గేజ్ గ్లాస్ ఉంది, మూడు కాక్‌లూ (స్టీమ్, వాటర్, డ్రెయిన్ కుళాయిలు) ఇప్పటికీ తిరుగుతాయి. స్టీమ్ కాక్ పిడి మా వేళ్లకు అరిగి ఓ పక్క నున్నగా అయిపోయింది. బ్లో డౌన్ చేశాక ముందు వాటర్ కాక్ తెరవాలి. నీళ్లు గాజు పైదాకా ఎక్కుతాయి. తర్వాత స్టీమ్ తెరిస్తే బాయిలర్‌లోని మట్టానికి దిగుతాయి. ఎందుకని అడిగితే చెప్పలేకపోవడానికి కారణం, చేత్తో తిప్పకపోవడమే. బోర్డు తెస్తాను. స్టీమ్ లేకపోయినా చెయ్యి అలవాటవుతుంది. తొమ్మిది మందినీ నా దగ్గర కూర్చోబెట్టండి.

క్యాడెట్ల తరఫున
చీఫ్ గారూ, క్షమించండి. తొమ్మిది మందిమీ వస్తాం. రామన్నవాళ్లకు కూడా ఇప్పుడే ఫోన్ చేస్తాను.

వైజాగ్ కోఆర్డినేటర్
హాలు దొరికేలా ఉంది! 16న ధనుర్మాసం వస్తోంది కదా, సంక్రాంతి దాకా పెళ్లిళ్లు ఉండవు, కల్యాణ మండపాలు ఖాళీ. రాత్రి ఆ సంగతే తట్టలేదు. ఎంవీపీ కాలనీలో మా వీధి చివర మండపం ఆయన్ను అడిగితే రోజుకు 15 వేలన్నాడు. కాకపోతే పై హాలుకు లిఫ్టు లేదు, మెట్లు నిటారుగా ఉన్నాయి. మోకాళ్ల నొప్పులున్నవాళ్లను ఎక్కించడం నాకిష్టం లేదు.

దుబాయ్ నుంచి
కింద భోజనాల హాలు ఉంటుందిగా. అక్కడే కూర్చుందాం.

వైజాగ్ కోఆర్డినేటర్
వేదిక లేదు, మైకు లేదు. పొడుగు బల్లలు మాత్రం ఉన్నాయి.

దుబాయ్ నుంచి
బల్లలు చాలు అక్కా. ఒక పక్క పెద్దవాళ్లు, ఎదురుగా పిల్లలు. 19న వైజాగ్‌లో దిగుతున్నాను, నాకూ ఒక బల్ల ఇవ్వండి. 2020 జనవరి 1న ఓడల ఇంధనంలో సల్ఫర్ పరిమితి 3.50 శాతం నుంచి 0.50కి దిగినప్పుడు నేను ఓడ మీదే ఉన్నాను. ఫ్యూయల్ మార్చేటప్పుడు పడిన టెన్షన్ పుస్తకంలో ఉండదు, అది చెప్తాను. రాత్రి నేనూ తొందరపడ్డాను తమ్ముడూ, ఏమనుకోకు.

రిటైర్డ్ చీఫ్, పెదవాల్తేరు
నాకొకటి కావాలి. వాల్వ్‌లను తెరిచే క్యామ్‌షాఫ్ట్ లేని ఇంజిన్లు వచ్చాయంటారు, నేను వాటి మీద పని చెయ్యలేదు. ఇంజెక్షన్, ఎగ్జాస్ట్ వాల్వ్ టైమింగు ఎలా నడుస్తాయో క్యాడెట్లు ఎవరైనా ల్యాప్‌టాప్‌లో చూపిస్తే కూర్చుని నేర్చుకుంటాను. నాలాంటివాళ్లు ఇంకో పదిమంది ఉంటారు.

క్యాడెట్ల తరఫున
మా రూమ్మేట్ సిమ్యులేటర్ మీద చేశాడు, వీడియోలున్నాయి. వాడు రానన్నవాళ్లలో ఒకడు. ఇది చెప్తే పరిగెత్తుకొస్తాడు.

వైజాగ్ కోఆర్డినేటర్
ఇంటివాళ్లు, చిన్నపిల్లలు ఏం చేస్తారో కూడా చూడండి. నా భర్త ఓడ మీద ఉన్నప్పుడు ఇలాంటి మీటింగుల్లో మా అమ్మాయి కుర్చీలోనే నిద్రపోయేది. రిటైరైన బోసన్ (డెక్ సిబ్బంది మేస్త్రి) గారిని అడిగాను, తాడు తెచ్చి ముడులు నేర్పిస్తానన్నారు.

ట్రెజరర్, సింగపూర్
శాలువాల ఆర్డరు ఆపించాను. మండపానికి 15 వేలు ఇప్పుడే పంపాను, రసీదు పెట్టండి.

వైజాగ్ కోఆర్డినేటర్ (శనివారం సాయంత్రం 5:40)
రసీదు పెట్టాను. కొత్తగా చేరినవాళ్లతో కలిపి వంటాయనకు 126 అని చెప్పాను. పులిహోర, గుత్తివంకాయ, మజ్జిగ పులుసు. చీఫ్ గారూ, గేజ్ గ్లాస్‌కు నీళ్లు కావాలి కదా, కుళాయి పక్క బల్ల మీకే అట్టిపెట్టమన్నాను.

రిటైర్డ్ చీఫ్, పెదవాల్తేరు
మంచిదమ్మా. ఒక బకెట్ కూడా ఉంచు. బోర్డు బరువు, నేనొక్కణ్ణీ మోయలేను.

క్యాడెట్ల తరఫున
బండి మీద పట్టదు చీఫ్ గారూ, ఆటో మాట్లాడాను. 21న పొద్దున ఏడింటికల్లా మీ గేటు దగ్గర ఉంటాం.