పాత కారు హెడ్‌లైట్లకు ఫ్యూజా, సర్క్యూట్ బ్రేకరా?

రాగితీగ:
హెడ్‌లైట్లు అరగంట వెలిగితే చాలు, నా పాత కారులో స్విచ్చు వెనక కనెక్టర్ చెయ్యి పెట్టలేనంతగా కాలుతోంది. వైరు తొడుగు గోధుమ రంగుకు తిరిగి పెళుసుబారింది. అయినా 20 ఆంపియర్ల ఫ్యూజు ఒక్కసారీ పోలేదు. దాన్ని తీసేసి, తెగిన కాసేపటికి తనంతట తానే కలుసుకునే సర్క్యూట్ బ్రేకర్ పెట్టమని మెకానిక్ అంటున్నారు. మీ సలహా ఏమిటి?

పాతబండి:
ఆయన మాట సబబే. ఒకప్పటి అమెరికన్ కార్లలో చాలావాటికి హెడ్‌లైట్ స్విచ్చులోనే ఆ బ్రేకర్ ఉండేది. షార్టయితే దీపాలు ఆరుతూ వెలుగుతూ ఉంటాయి. ఆ వెలుగులోనే బండిని రోడ్డు పక్కకు తీయవచ్చు. ఫ్యూజు పోయిందంటే మలుపు మధ్యలో కటిక చీకటి. ప్రాణం కన్నా వైరు ముఖ్యమా?

కొలతబద్ద:
పాతబండి గారి భయం న్యాయమైనదే. కానీ రాగితీగ గారి కారులో ఉన్న రోగానికి ఆ రెండూ మందు కావు. 60 వాట్ల బల్బులు రెండు కలిసి 12 వోల్టుల దగ్గర తీసుకునేది 10 ఆంపియర్లు. కనెక్టర్‌లో చిలుము పట్టి, పట్టు సడలి 0.1 ఓమ్ నిరోధం చేరిందనుకోండి, గోరంత లోహంలో దాదాపు 10 వాట్ల వేడి పుడుతుంది. కరెంటు పెరగదు, పైగా కొంచెం తగ్గుతుంది. ఇక ఫ్యూజుకైనా బ్రేకర్‌కైనా తెలిసేదెలా?

దీపాలు వెలుగుతుండగా కనెక్టర్‌కు అటూ ఇటూ మల్టీమీటర్ (వోల్టులు కొలిచే పరికరం) కొనలు ఆనించండి. 0.1 వోల్టు దాటకూడదు. వోల్టు దరిదాపుల్లో చూపిస్తే దొంగ దొరికినట్టే.

వైరును రాగి తళతళలాడే చోటు వరకు కత్తిరించండి. నల్లబడిన పోగుల మీద టంకమూ పట్టదు, క్రింపూ (లోహపు కొనను వైరు మీద నొక్కి బిగించే అతుకు) నిలవదు. టెర్మినళ్లు (కనెక్టర్ లోపలి లోహపు కొనలు) రెండు వైపులా మార్చాలి. వేడికి స్ప్రింగు బిగువు పోయిన పాతదానిలో కొత్తది దూరిస్తే మళ్లీ కాలుతుంది. చాలామంది పొరపడేది ఇక్కడే. ఇక టెర్మినల్‌కు టంకం వేస్తే, అది పోగుల్లోకి పాకి వైరును బిరుసు చేస్తుంది, అదురుకు ఆ అంచు దగ్గరే తెగుతుంది. సరైన పనిముట్టుతో వేసిన క్రింపే నయం. ఆ తరువాత రిలే (చిన్న కరెంటుతో పెద్ద కరెంటును కలిపే మీట) పెడితే స్విచ్చు మీద భారం ఉండదు.

పాతబండి:
మరమ్మతు విషయంలో మీతో ఏకీభవిస్తాను. చీకటి మాటేమిటి?

కొలతబద్ద:
ఎడమ దీపానికొకటి, కుడి దీపానికొకటి 10 ఆంపియర్ల ఫ్యూజులు వేస్తే ఒకటి పోయినా రెండోది వెలుగుతుంది. మినుకుమినుకు కన్నా అది మేలు కాదా? తానే కలుసుకునే బ్రేకర్ షార్టు ఉన్నంతసేపూ మళ్లీ మళ్లీ కరెంటు పంపుతుంది, వైరు ప్రతిసారీ వేడెక్కుతుంది. బ్యాటరీ నుంచి రిలేకు వెళ్లే వైరుకు, బ్యాటరీ దగ్గరే వేరే ఫ్యూజు తప్పనిసరి. వైరు సన్నగా ఉంటే పెద్ద ఫ్యూజు వేయవద్దు. మామూలు బ్లేడు ఫ్యూజు తన రేటింగుకు 135 శాతం కరెంటును పది నిమిషాల దాకా మోయగలదు.

గాజుఫ్యూజు:
ఒక హెచ్చరిక. పాత బ్రిటిష్ కార్లలోని లూకాస్ కంపెనీ గాజు ఫ్యూజు మీద 35 అని ఉంటే, అది తెగిపోయే అంకె. నిలకడగా మోసేది 17 ఆంపియర్లే. ఆ అంకె చూసి ఇప్పటి 35 ఆంపియర్ల ఫ్యూజు వేస్తే వైరుకు రక్షణ సగానికి పడిపోతుంది.

పాతబండి:
రెండు ఫ్యూజుల పద్ధతికి ఒప్పుకుంటున్నాను, హోల్డర్లు నీరు చొరబడనివైతేనే. లేకపోతే చిలుము పట్టడానికి ఇంకో నాలుగు చోట్లు చేర్చినట్టే. కిటికీ మోటార్లకు మాత్రం నా ఓటు బ్రేకర్‌కే. అద్దం బిగుసుకున్న ప్రతిసారీ ఫ్యూజు మార్చుకుంటూ కూర్చోలేం.

కొలతబద్ద:
కిటికీల విషయంలో నాదీ అదే మాట.

రాగితీగ:
కొలిచాను. కనెక్టర్ దగ్గర 0.9 వోల్టులు పోతున్నాయి. టెర్మినళ్లు రెండు వైపులా మార్చి, రిలే, విడివిడి ఫ్యూజులు పెట్టిస్తాను. పని పూర్తయ్యాక అదే చోట మళ్లీ కొలిచి ఇక్కడ రాస్తాను.