అప్పడాల యంత్రాలకు రుణం: పీఎంఈజీపీకి వెళ్లాలా, వేరే దారి ఉందా?

ప్రశ్న (ఒడిశాలోని బరంపురం నుంచి)

నేను ఆరేళ్లుగా ఇంట్లోనే అప్పడాలు, వడియాలు చేసి కిరాణా దుకాణాలకు వేస్తున్నాను. నాతోపాటు మరో ఇద్దరు ఆడవాళ్లు పనిచేస్తున్నారు. వానాకాలంలో డాబా మీద ఎండ నిలవదు, ముసురు పట్టిన రోజు ఒత్తిన అప్పడాలకు మర్నాటికే ముక్కవాసన వస్తుంది, దుకాణదారు కట్టలు కట్టలుగా తిప్పి పంపుతాడు. అందుకని పిండి కలిపే యంత్రం, ఒత్తే యంత్రం, డ్రయ్యర్ కొనాలని 6 లక్షల రూపాయలకు కొటేషన్ తెచ్చుకున్నాను. స్వయం ఉపాధికి కేంద్రం సబ్సిడీతో రుణమిప్పించే పీఎంఈజీపీ పథకంలో మహిళలకు సబ్సిడీ ఎక్కువని విని ఒక బ్యాంకుకు వెళితే, ముందు ఇంటి పత్రాలు తెమ్మన్నారు. ఇల్లు మా మామగారి పేరున ఉంది, ఆయనను అడగడం నాకు ఇష్టం లేదు. తెలిసినవారు దయచేసి చెప్పగలరు.

సమాధానం (రాయగడ)

అమ్మా, పీఎంఈజీపీ కొత్తగా పెట్టే యూనిట్లకే వర్తిస్తుంది కాబట్టి, ఇప్పటికే నడుస్తున్న మీ పనికి అది దొరకదు. కొత్త యూనిట్ అని రాసేద్దామని ఏజెంట్లు సలహా ఇస్తారు. తనిఖీకి వచ్చినవారికి డాబా మీద ఆరేసిన అప్పడాలు కనిపిస్తే ఏం చెబుతారు? పైగా అందులో మహిళలకు 35 శాతం సబ్సిడీ పల్లెల్లోనే, పట్టణంలో 25 శాతమే.

మీకు సరిపోయేది 2020లో వచ్చిన పీఎంఎఫ్‌ఎంఈ అనే మరో కేంద్ర పథకం. ఆహార పదార్థాలు తయారుచేసే చిన్న యూనిట్ల కోసమే పెట్టిన ఈ పథకంలో, నడుస్తున్న యూనిట్‌ను పెంచుకోవడానికి కూడా, ఊరైనా పట్టణమైనా, 35 శాతం సబ్సిడీ 10 లక్షల పరిమితికి లోబడి ఇస్తారు. మీ 6 లక్షల లెక్కలో మీరు పెట్టవలసింది కనీసం 60 వేలు, సబ్సిడీ 2 లక్షల 10 వేలు. అయితే ఆ సబ్సిడీ మీ చేతికి రాదు. బ్యాంకులోనే విడిగా ఉండి, వాయిదాలు సక్రమంగా కడుతూ యూనిట్ నడిపితే మూడేళ్ల తర్వాత అప్పులో జమవుతుంది. ఈలోగా ఆ మొత్తం మీద వడ్డీ పడదు.

ఇంటి పత్రాల సంగతికి వస్తే, చిన్న పరిశ్రమలకు 10 లక్షల లోపు రుణానికి తాకట్టు అడగకూడదని రిజర్వు బ్యాంకు ఆదేశం ఉంది. మళ్లీ అడిగితే, ఆ మాట కాగితం మీద రాసి ఇమ్మనండి.

సమాధానం (పర్లాకిమిడి)

పై వివరాలు సరైనవే. నా అనుభవం ఒకటి చేరుస్తాను. మన తెలుగువాళ్లకు ఇంటిపేరు ముందుంటుంది, ఇక్కడి గుమాస్తాలు దాన్ని చివర రాస్తారు. నా ఆధార్‌లో ఇంటిపేరుకు ఒక్క అక్షరమే ఉండగా పాన్ కార్డులో పూర్తిగా, అదీ చివర ఉండడంతో, దరఖాస్తు రెండుసార్లు వెనక్కు వచ్చి నాలుగు నెలలు గడిచిపోయాయి. ఆధార్, పాన్, బ్యాంకు పుస్తకం మూడింటిలో పేరు ఒకేలా ఉండేట్టు చూసుకుని, ఆ తర్వాతే ఉద్యం (చిన్న పరిశ్రమల ప్రభుత్వ పోర్టల్)లో నమోదు చేసుకోండి. ఆ నమోదు పూర్తిగా ఉచితం, నెట్ సెంటరులో వెయ్యి రూపాయలు అడిగితే ఇవ్వకండి.

ఒడిశా ప్రభుత్వం మహిళలకు ఇచ్చే సుభద్ర పథకం డబ్బు మీకు వస్తుంటే ఏడాదికి 10 వేలు మినప్పప్పుకు అక్కరకొస్తుంది కానీ, యంత్రం కొనేంత సొమ్ము కాదు.

ప్రశ్న అడిగినవారు

ఇద్దరికీ కృతజ్ఞతలు. ఇప్పుడే చూసుకున్నాను, నా పాన్ కార్డులో పుట్టింటి ఇంటిపేరే ఉంది. ముందు దాన్ని మార్పించి, ఆ తర్వాత బ్యాంకుకు వెళతాను.