ఎండకు మన ఒళ్లు నిజంగా అలవాటు పడుతుందా?

కనిగిరి మేస్త్రి: టిబెట్ వాళ్లు 4,000 మీటర్ల ఎత్తులో బతుకుతున్నారు. ఇండోనేషియాలో సముద్రంలో మునిగి చేపలు పట్టే బజావ్ జనానికి ప్లీహం (ఊపిరి బిగబట్టినప్పుడు ఒంటికి అదనపు రక్తం అందించే అవయవం) పక్క ఊరి వాళ్లకన్నా ఒకటిన్నర రెట్లు ఉంటుందట. మన పడమటి ప్రకాశం వాళ్లకు ఎండ కూడా అంతే. మా తాత రోహిణి కార్తెలోనూ దుక్కి దున్నాడు. ఇప్పుడు వడగాలి మెసేజ్ వస్తే చాలు, టెన్షన్.

పెన్నా గట్టు: అన్నా, రెండూ కలిపేస్తున్నావు. టిబెట్ వాళ్లది వేల ఏళ్లలో జన్యువుల్లో స్థిరపడిన మార్పు. ఎండకు మనకొచ్చేది ఒకటి రెండు వారాల అలవాటు మాత్రమే. చెమట ముందుగా, ఎక్కువగా పడుతుంది, అందులో ఉప్పు తగ్గుతుంది. కొన్ని వారాలు నీడపట్టున ఉంటే అదీ పోతుంది. మీ తాత తెల్లారకముందే అరక కట్టి ఎండెక్కేలోపు విప్పి ఉంటాడు, మధ్యాహ్నం ఎద్దులను ఎవరు తోలుతారు?

గిత్తల అభిమాని: ఒంగోలు గిత్తకు ఎండ ఒక లెక్కా?

కనిగిరి మేస్త్రి: అదీ మాట! మా తాత మధ్యాహ్నం కూడా దున్నాడు, నేను చూశాను.

కావలి చెల్లెలు: మాకు సముద్రం పక్కన ఎండ తక్కువే, ఉక్కపోతే చంపుతుంది.

పెన్నా గట్టు: అవునమ్మా, చెమట ఆరితేనే ఒళ్లు చల్లబడేది. గాలిలో తేమ నిండితే ఎంత అలవాటున్నా ఆరదు. తడి గుడ్డ చుట్టిన థర్మామీటరు 35 డిగ్రీలు చూపిస్తే ఎవరూ తట్టుకోలేరని 2010లో లెక్క కట్టారు. తర్వాత ఆరోగ్యంగా ఉన్న కుర్రాళ్ల మీద పరీక్షిస్తే 31 దగ్గరే ఒంటి వేడి అదుపు తప్పింది.

కనిగిరి మేస్త్రి: ఫ్యాను కింద కూర్చుని చెప్పే లెక్కలు. రాయి కొట్టిన చేతులా అవి?

పెన్నా గట్టు: మా బావ రాయి కొట్టినవాడే. జబ్బు చేసి చాన్నాళ్లు ఇంట్లో ఉండి, మళ్లీ క్వారీకి వెళ్లిన కొత్తల్లోనే స్పృహ తప్పి పడ్డాడు. నీడకు పోతానంటే "ఇక్కడ పుట్టినోడికి ఎండేంది" అన్నారు. ఇప్పుడు నువ్వూ అదే అంటున్నావు.

కనిగిరి మేస్త్రి: తమ్ముడూ, ఆయనకు అలా జరగడం బాధే. కానీ మా దగ్గర టన్నుల లెక్కన డబ్బులు. మధ్యాహ్నం పని ఆపమంటే నా మనుషులే నా మీదకొస్తారు, వాళ్ల పిల్లల ఫీజులు ఎవరు కడతారు?

పెన్నా గట్టు: అయితే మీ వాళ్లు ఆగనిది ఎండ అలవాటై కాదు, డబ్బు పోతుందని. ఆ మాట మొదట్లోనే అనుండాల్సింది. తెల్లవారుజామునే పని మొదలెట్టి, ఎండాకాలం ఆగిన గంటలకు కూలి యజమాని ఇవ్వాలి.

కనిగిరి మేస్త్రి: ఇవ్వడు. అడిగితే నన్నే మారుస్తాడు.

కావలి చెల్లెలు: ఒక్కరే అడిగితే మారుస్తాడు, మేస్త్రులంతా కలిసి అడగండి అన్నా.