లక్ష పౌండ్లు దాటిన ఆదాయం, 757టీ కోడ్, పెన్షన్ శాలరీ శాక్రిఫైస్: యూకేలో ఉన్నవారి అనుభవాలు కావాలి

స్లౌ_వంశధార:
అందరికీ నమస్కారం. ఇప్పటివరకు 1257ఎల్‌గా ఉన్న నా ట్యాక్స్ కోడ్‌ను 757టీగా మార్చినట్లు లేఖ వచ్చింది. జీతం, బోనస్ కలిపి నా ఆదాయాన్ని 1,10,000 పౌండ్లుగా అంచనా వేసినట్లు అందులో ఉంది. మా కంపెనీలో పెన్షన్‌కు శాలరీ శాక్రిఫైస్ (జీతంలో కొంత వదులుకుని, దాన్ని కంపెనీ చేత పెన్షన్‌లో వేయించుకోవడం) సదుపాయం ఉంది, బోనస్‌ను కూడా అందులో వేయవచ్చు. మా పాప నర్సరీకి వెళ్తోంది. విశాఖపట్నంలోని ఫ్లాట్‌పై కొంత అద్దె వస్తోంది. ఎంత వేయాలి, వేస్తే కోడ్ దానంతటదే మారుతుందా, అద్దెను కూడా లెక్కలోకి తీసుకోవాలా అన్నవి నా సందేహాలు.

రీడింగ్_రాజమండ్రి:
సంకోచించకుండా పదివేలూ వేసేయండి. లక్ష దాటిన ప్రతి రెండు పౌండ్లకు పర్సనల్ అలవెన్స్‌లో (పన్ను పడని ఆదాయంలో) ఒక పౌండు పోతుంది కాబట్టి, 1,25,140 చేరేవరకు మీరు నిజంగా కడుతున్నది 40 శాతం కాదు, 60 శాతం. దానిపై నేషనల్ ఇన్సూరెన్స్ (జీతంలోంచి కోసే సామాజిక భద్రతా చందా) మరో 2 శాతం. పదివేలు పెన్షన్‌లో పడితే చేతికొచ్చే జీతంలో తగ్గేది 3,800 మాత్రమే. పైగా తల్లిదండ్రుల్లో ఏ ఒక్కరి ఆదాయం లక్ష దాటినా, ఉద్యోగస్తులకు ఇచ్చే 30 గంటల నర్సరీ సదుపాయం, ట్యాక్స్ ఫ్రీ చైల్డ్‌కేర్ రెండూ పోతాయి. మా ఇద్దరు పిల్లల నర్సరీ బిల్లు చూసిన తర్వాతే నేను ఈ లెక్క నేర్చుకున్నాను, అప్పటి నుంచి ప్రతి ఏటా లక్షకు లోపే ఉంటున్నాను.

మిల్టన్‌కీన్స్_మంజీర:
అందరూ ఆదా గురించే చెబుతున్నారు గానీ, ఆ సొమ్మును ఎప్పుడు ముట్టుకోగలమో ఎవరూ చెప్పడం లేదు. ఇప్పుడు 55 ఏళ్లు ఉన్న కనీస వయసు 2028 ఏప్రిల్ 6 నుంచి 57 అవుతుంది. ఊళ్లో అమ్మానాన్నలకు వైద్యం అవసరమైతే పెన్షన్ ఫండ్ పనికి రాదు. నేను పన్ను కట్టేసి, మిగిలిన డబ్బుతో షాద్‌నగర్ దగ్గర స్థలం కొన్నాను, అవసరం వస్తే అమ్ముకోగలను.

రీడింగ్_రాజమండ్రి:
మంజీర గారూ, ఆ 60 శాతం పరిధిలోని ప్రతి పౌండులోనూ మీరు స్థలం మీద పెట్టగలిగింది 38 పెన్నీలు, నా పెన్షన్‌లో పడింది నిండు పౌండు. మీ స్థలం విలువ రెండున్నర రెట్లు దాటితే గానీ నేను మొదలుపెట్టిన చోటికి మీరు చేరుకోలేరు.

మిల్టన్‌కీన్స్_మంజీర:
మీరు తీసుకునేటప్పుడు పావు వంతుకే పన్ను ఉండదు, మిగిలిన మూడు పావులపై కట్టాల్సిందేనన్న సంగతిని దాచి లెక్క చెప్పడం న్యాయం కాదు. తిరిగి వెళ్లాలనుకునేవారు ఇక్కడ ఎంతో మంది ఉన్నారు, వాళ్లను తప్పుదారి పట్టించకండి.

హారో_గుంటూరు:
ఇండియాకు వెళ్లిపోయేటప్పుడు వయసుతో పని లేకుండా పెన్షన్ మొత్తం తీసుకోవచ్చని మా మిత్రులు చెప్పారు. అప్పుడు ఇద్దరూ గొడవపడనక్కర లేదు కదా?

పేరోల్_పినాకిని:
ఈ మాట ఎక్కడ కనిపించినా ఖండించకుండా ఉండలేను. నేను ఇక్కడ చాలాకాలంగా పేరోల్ విభాగంలోనే పనిచేస్తున్నాను. తీవ్రమైన అనారోగ్యం వంటి కొన్ని మినహాయింపులు తప్ప, కనీస వయసుకు ముందు సొమ్ము తీస్తే దాన్ని అనధికార చెల్లింపుగా పరిగణించి 40 శాతం పన్ను, చాలా సందర్భాల్లో దానిపై మరో 15 శాతం వేస్తారు. ముందే ఇప్పిస్తామని చెప్పే మధ్యవర్తులకు మీ వివరాలు ఇవ్వకండి.

ఇక అసలు ప్రశ్నకు వస్తాను. 757టీ అంటే మీకు 7,570 పౌండ్ల అలవెన్స్ మిగిలిందని అర్థం: లక్షపై పదివేలకు అయిదు వేలు తగ్గించారు. కోడ్ నెలనెలా పన్ను కోయడానికి వాడే అంచనా మాత్రమే, చివరి లెక్క ఏడాది పూర్తయ్యాక తేలుతుంది. శాలరీ శాక్రిఫైస్ ఖాయమయ్యాక మీ ఆన్‌లైన్ పన్ను ఖాతాలో ఆదాయం అంచనాను లక్షకు మార్చండి, కోడ్ మళ్లీ 1257ఎల్ అవుతుంది, అప్పటికే ఎక్కువగా పట్టుకున్నది తర్వాతి జీతాల్లో తిరిగి వస్తుంది. కోడ్ చివర ఎం1 లేదా డబ్ల్యు1 ఉంటే మాత్రం పాత నెలల లెక్క కలవదు.

లీడ్స్_అమ్మ:
ప్రసూతి సెలవుకు ముందు ఉన్నవాళ్లు తొందరపడకండి. మొదటి ఆరు వారాల ప్రసూతి వేతనం సగటు సంపాదనలో 90 శాతం, ఆ సగటును శాక్రిఫైస్ తర్వాత మిగిలిన జీతంపైనే లెక్కిస్తారు. మా పాత కంపెనీలో నాకు ఈ విషయం ఎవరూ చెప్పలేదు, ఆ నష్టం నేను భరించాను. కంపెనీలు ఇలాంటిది పెద్ద అక్షరాలతో రాసి ఇవ్వాలి.

ఎడిన్‌బరో_ఓరుగల్లు:
ఇంగ్లండ్ లెక్కలు స్కాట్లండ్‌లో ఉన్నవారికి వర్తించవు. మా కోడ్ ముందు ఎస్ ఉంటుంది. 2025-26లో 43,662 దాటగానే మాకు 42 శాతం, 75,000 దాటితే 45 శాతం. 43,662కూ 50,270కీ మధ్య నేషనల్ ఇన్సూరెన్స్ 8 శాతం కూడా ఉండటంతో, అక్కడే సగం పోతుంది. లక్ష దాటాక అలవెన్స్ కోత, నేషనల్ ఇన్సూరెన్స్ కలిపి 69.5 శాతం. మాకు శాక్రిఫైస్ విలాసం కాదు, అవసరం.

రీడింగ్_రాజమండ్రి:
2029 ఏప్రిల్ నుంచి ఇది కూడా ఆగిపోతుందట కదా?

పేరోల్_పినాకిని:
ఆగిపోదు. ఏడాదికి 2,000 పౌండ్లకు పైన శాక్రిఫైస్ చేసిన భాగంపై నేషనల్ ఇన్సూరెన్స్ మినహాయింపు ఉండదని 2025 నవంబరు బడ్జెట్‌లో ప్రకటించారు. ఆదాయపు పన్ను మినహాయింపు అలాగే ఉంటుంది. మీబోటి వారికి పోయేది 2 శాతమే. 50,270 లోపు జీతగాళ్లకు 8 శాతం పోతుంది, నాకు బాధ కలిగించేది అదే. కంపెనీ తన వంతు నేషనల్ ఇన్సూరెన్స్‌లో మిగుల్చుకునే 15 శాతంలో మీకు వాటా ఇస్తుంటే, అది కొనసాగుతుందో లేదో ఇప్పుడే అడగండి.

స్లౌ_వంశధార:
అందరికీ ధన్యవాదాలు. అద్దె గురించి మాత్రం ఎవరూ చెప్పలేదు.

పేరోల్_పినాకిని:
ఇక్కడ పన్ను నివాసి అయినందున ఆ అద్దె లాభం కూడా మీ ఆదాయంలో కలుస్తుంది, ఎన్ఆర్ఓ ఖాతా (ప్రవాసులు ఇండియా ఆదాయం వేసుకునే బ్యాంకు ఖాతా) వడ్డీ కూడా అంతే. ఇండియాలో ఇచ్చే 30 శాతం ప్రామాణిక తగ్గింపు ఇక్కడ చెల్లదు, లెక్క ఏప్రిల్ 6 నుంచి మరుసటి ఏప్రిల్ 5 వరకు ఉండాలి. అక్కడ కట్టిన పన్నుకు ఒప్పందం ప్రకారం క్రెడిట్ వస్తుంది. అద్దె లాభం రెండు వేల పౌండ్లయితే శాక్రిఫైస్ పన్నెండు వేలు కావాలి. శాక్రిఫైస్ చేసిన సొమ్మును సెల్ఫ్ అసెస్‌మెంట్‌లో (మనమే దాఖలు చేసే పన్ను లెక్కలో) మళ్లీ పెన్షన్ చెల్లింపుగా చూపకండి. ఏడాది చివర కంపెనీ ఇచ్చే జీతం, పన్నుల పత్రం పీ60లో అది ముందే తగ్గి ఉంటుంది.

మిల్టన్‌కీన్స్_మంజీర:
బోనస్ మార్చి నెలాఖరులో వచ్చేవారు ఏం చేయాలి? మా కంపెనీ చేతికి అందాకే లేఖ ఇస్తుంది.

పేరోల్_పినాకిని:
అందాక శాక్రిఫైస్ చేయడం కుదరదు, బోనస్‌కు హక్కు ఏర్పడకముందే సంతకం చేయాలి. ఆ అవకాశం దాటిపోతే ఏప్రిల్ 5 లోపు మీ సొంత సిప్ ఖాతాలో (మనమే నడుపుకునే వ్యక్తిగత పెన్షన్‌లో) 8,000 జమ చేయండి, ప్రొవైడర్ మరో 2,000 తెచ్చి కలుపుతాడు. ఆదాయం లెక్కలో పదివేలు తగ్గుతాయి. మిగిలిన 40 శాతాన్ని మీరే అడిగి తీసుకోవాలి, నేషనల్ ఇన్సూరెన్స్ మాత్రం తిరిగి రాదు.