పొరుగు రాష్ట్ర పోలీసుల ఆదేశంతో స్తంభించిన ఖాతా: ఏ కోర్టును ఆశ్రయించాలి?

న్యాయవాదులకు, ఇటువంటి ఇబ్బందిని దాటి వచ్చినవారికి నమస్కారం. గుంటూరులో మా నాన్నగారి మిర్చి వ్యాపారానికి చెందిన కరెంట్ ఖాతాను, వేరే రాష్ట్రంలోని ఒక సైబర్ పోలీస్ స్టేషన్ పంపిన ఈమెయిల్ ఆధారంగా బ్యాంకు పూర్తిగా స్తంభింపజేసింది. క్వింటాలు తేజ మిర్చికి ఒక కొనుగోలుదారు యూపీఐ ద్వారా చెల్లించిన 18,500 రూపాయలు, ఎవరో మోసపోయి సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కు ఫిర్యాదు చేసిన సొమ్ములో భాగమట. ఆ సరుకు తాలూకు బిల్లు, లారీ రసీదు మా వద్ద భద్రంగా ఉన్నాయి. వివాదం ఆ మొత్తం మీదనే అయినప్పుడు, రైతులకు ఇవ్వవలసిన డబ్బుతో సహా ఖాతా అంతటినీ ఆపివేయడం అన్యాయమని మా ఆవేదన. హమాలీల కూలికి కూడా చేబదులు తేవలసి వస్తోంది.

భారతీయ నాగరిక్ సురక్షా సంహిత (సీఆర్‌పీసీ స్థానంలో వచ్చిన చట్టం) 106వ సెక్షన్ కింద జప్తు చేస్తే పోలీసులు వెంటనే మేజిస్ట్రేటుకు నివేదించాలని, నేరం ద్వారా వచ్చిన ఆస్తిని అటాచ్ చేయడానికైతే 107వ సెక్షన్ కింద కోర్టు ఉత్తర్వు ఉండాలని చదివాను. మా విషయంలో ఆ నివేదన జరిగిందో లేదో ఎవరూ చెప్పడం లేదు. జప్తు చేసిన ఆస్తిని తిరిగి ఇప్పించమని అదే చట్టం 503వ సెక్షన్ కింద వేసే పిటిషన్‌ను గుంటూరులోనే వేయవచ్చా, లేక కేసు నమోదైన చోటికే వెళ్లాలా? అమరావతిలోని హైకోర్టులో రిట్ వేసి, వివాదాస్పద మొత్తంపై మాత్రమే లీన్ (తీయడానికి వీల్లేకుండా నిలుపుదల) ఉంచి మిగతాది విడుదల చేయించమని కోరవచ్చా? పోలీసుల ఆదేశం ప్రతిని బ్యాంకు నుంచి రాబట్టే మార్గం కూడా దయచేసి తెలుపగలరు.